ఫిలడెల్ఫియా పత్రభాండారం: ఒక వైద్య కళాశాల మిగిల్చిన కాగితాలు

ప్రతి విద్యాసంస్థకూ రెండు చరిత్రలుంటవి. ఒకటి అది తన రజతోత్సవ, స్వర్ణోత్సవ సంచికలలో అచ్చువేసుకునే చరిత్ర. రెండవది తనకు తెలియకుండానే ప్రవేశపు రిజిస్టరులలో, సమావేశాల తీర్మాన పుస్తకాలలో, వచ్చిన జాబులలో, పోయిన జాబులలో రాసి ఉంచే చరిత్ర. మొదటిది పూలదండలు వేసుకొని తీయించుకున్న ఛాయాచిత్రం వంటిది. రెండవది ఇంటి పద్దు పుస్తకం వంటిది. చిత్రంలో అందరూ నవ్వుతూ ఉంటారు. ఆ ఇంట ఏ ఏట ఎవరు పస్తున్నదీ తెలియవలెనంటే పద్దు పుస్తకం విప్పవలసినదే.

అట్టి పద్దు పుస్తకాల రాశి ఒకటి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉన్నది. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలకు చెందిన ఈ పత్రభాండారానికి 'లెగసీ సెంటర్' అని పేరు. ఇందులో ప్రధానంగా రెండు పాత కళాశాలల కాగితాలు చేరి ఉన్నవి. ఒకటి 1848లో స్థాపితమైన హోమియోపతి వైద్య కళాశాల. రెండవది 1850లో స్థాపితమైన మహిళా వైద్య కళాశాల. ఈ రెండూ తమ కాలంలో వైద్యలోకపు పెద్దల చేత పంక్తిబాహ్యములుగా ఎంచబడినవే. ఒకదానిని సిద్ధాంతభేదం చేత, రెండవదానిని స్త్రీలదన్న కారణం చేత దూరంగా ఉంచినారు. అటువంటి రెండింటి కాగితాలు నేడు ఒకే కప్పు క్రింద ఉండుట విశేషం.

సిద్ధాంతం పుట్టిన విధం

ఈ కాగితాల విలువ తెలియవలెనంటే హోమియోపతి పుట్టుకను కొంచెం జ్ఞప్తికి తెచ్చుకోవలె. శామ్యూల్ హానిమన్ 1755లో జర్మనీలోని మైసెన్ పట్టణంలో జన్మించినాడు. వైద్యపట్టా పొంది కూడ, ఆనాటి చికిత్సల యందు విశ్వాసం చాలక, గ్రంథాలు అనువదించి పొట్ట పోసుకున్న పండితుడతడు. ఆ కాలపు చికిత్స లెట్టివి? జలగలు పట్టించుట, నరం కోసి నెత్తురు తీయుట, పాదరసపు మందులిచ్చి నోట చొంగ కార్పించుట. రోగంతో పోరాడే శక్తి ఏ కొంచెమైనా ఉంటే దానిని వైద్యుడే హరించేవాడు.

1790లో స్కాట్లండు వైద్యుడు కలెన్ రచించిన ఔషధగ్రంథాన్ని అనువదిస్తూ, చలిజ్వరానికి వాడే సింకోనా బెరడును హానిమన్ తానే సేవించి చూచినాడు. ఆరోగ్యవంతునిలో అది జ్వరలక్షణాలను కలిగించినదని అతనికి తోచినది. ఏ వస్తువు ఏ లక్షణాన్ని పుట్టిస్తుందో, ఆ వస్తువే ఆ లక్షణం గల రోగాన్ని మాన్పుతుందన్న సూత్రం అక్కడ మొలకెత్తినది. 'ఉష్ణం ఉష్ణేన శీతలమ్' అన్న మన పెద్దల మాట ఎరిగినవారికి ఈ భావం మరీ కొత్తగా తోచదు. 1810లో వెలువడిన 'ఆర్గనాన్' అనే గ్రంథం ఈ పద్ధతికి మూలగ్రంథమైనది.

ఈ సూత్రపు సత్యాసత్యాలను గురించి నేటి శాస్త్రం చెప్పునది కూడ దాచకుండా చెప్పవలె. మందును ఒకటికి నూరు పాళ్ళ వంతున పన్నెండు పర్యాయాలు పలుచన చేస్తే, మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగులుట అరుదు. ముప్పది పర్యాయాలు చేసిన మందులు సాధారణంగా వాడుకలో ఉన్నవి. 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వపు వైద్య పరిశోధనా మండలి లోకంలోని పరిశీలనలను సమీక్షించి, హోమియోపతి ఫలానా రోగానికి పని చేస్తుందని నమ్మదగిన సాక్ష్యం ఏ రోగం విషయంలోనూ లేదని తేల్చినది. అయినా ఆనాడు జలగలు పట్టించుకున్నవానికంటె చక్కెర గుళికలు మింగినవాడు బ్రతికి బట్టకట్టుటకు అవకాశం హెచ్చుగా ఉండేదన్నది ఊహించరానిది కాదు. హాని చేయకుండుటే ఒక గొప్ప గుణమైన కాలమది.

ఇల్లు లేని కాగితాలు

హానిమన్ గొప్ప లేఖకుడు. రోగి చెప్పిన మాటలను, ఇచ్చిన మందును, కలిగిన మార్పును తేదీల వారీగా రాసి ఉంచేవాడు. 1801 నుండి 1843లో మరణించే వరకు అతడు నింపిన రోగుల పుస్తకాలలో 54 నేటికీ మిగిలి ఉన్నవి. వాటిలో 37 జర్మన్ భాషలోను, 17 ఫ్రెంచిలోను ఉన్నవి. అవి ప్రస్తుతం జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో రాబర్ట్ బాష్ సంస్థవారి వైద్యచరిత్ర పరిశోధనాలయంలో భద్రంగా ఉన్నవి. కాని అవి అక్కడికి చేరిన దారి సుగమం కాదు.

'ఆర్గనాన్' ఆరవ కూర్పు సంగతి చూడండి. 1842 నాటికి హానిమన్ దానిని సిద్ధం చేసినాడు. అయిదవ కూర్పు ప్రతిలోనే అంచులలో రాసి, కొట్టివేసి, కాగితాలు చేర్చి దిద్దినాడు. మరుసటి ఏట పారిస్‌లో కన్నుమూసినాడు. ప్రతి అతని భార్య మెలనీ చేతిలో ఉండిపోయినది. అమ్ముదామని ఆమె, కొందామని శిష్యులు బేరమాడుతూనే ఉన్నారు. ఆమె 1878లో మరణించినది. పిమ్మట ఆ కాగితాలు ఆమె పెంపుడు కుమార్తె అత్తవారి వంశంలో నిలిచిపోయినవి. తుదకు 1920లో రిచర్డ్ హేల్, విలియం బోరిక్ అనే ఇద్దరు వైద్యులు వాటిని సంపాదించగలిగినారు. 1921లో జర్మన్ భాషలోను, 1922లో ఇంగ్లీషులోను ఆ గ్రంథం వెలువడినది. గురువు చివరి మాట శిష్యులకు చేరుటకు దాదాపు ఎనుబది ఏండ్లు పట్టినది. ఆ దిద్దిన ప్రతి ఇప్పుడు సాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నది.

తిరుమల ఆలయంలో ఒక చిన్న అరలో తాళ్ళపాకవారి రాగిరేకులు శతాబ్దుల తరబడి మూలుగుచుండిన ముచ్చట ఎరిగిన తెలుగువారికి ఈ కథలోని బాధ తెలియనిది కాదు. వ్యక్తుల పెట్టెలలో ఉన్నంతకాలం కాగితం ఆస్తి. దానికొక సంస్థ ఇల్లు అయినప్పుడే అది విద్య అవుతుంది. ఫిలడెల్ఫియా ప్రాముఖ్యం ఇక్కడ ఉన్నది.

హెరింగ్ నాటిన మొక్క

హోమియోపతిని అమెరికాలో స్థిరపరచిన కాన్‌స్టంటైన్ హెరింగ్ 1800 జనవరి 1న జర్మనీలోని సాక్సనీ రాజ్యంలో పుట్టినాడు. విద్యార్థిగా ఉన్నప్పుడు హోమియోపతిని ఖండిస్తూ ఒక గ్రంథం రాయుటకు పూనుకున్నాడు. ఖండించుటకు చదవవలసి వచ్చినది. చదివి, పరీక్షించి, చివరకు ఆ మతంలోనే చేరినాడు. శవచ్ఛేదంలో వ్రేలికి గాయమై చీముపట్టగా ఈ మందులతోనే నయమైనదని అతని జీవితచరిత్రలు చెప్తవి. 1827లో దక్షిణ అమెరికాలోని సురినాముకు వెళ్ళి అక్కడ విషసర్పపు విషాన్ని మందుగా పరీక్షించినాడు. 1833లో ఫిలడెల్ఫియా చేరినాడు.

అతడూ మిత్రులూ 1835లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్‌లో ఒక వైద్య విద్యాలయం ప్రారంభించినారు. బోధన జర్మన్ భాషలో జరిగేది. ధనం కొరవడి అది 1842లో మూతపడినది. అయినా పట్టు విడువక 1848లో హెరింగ్, జేకబ్ జీన్స్, వాల్టర్ విలియమ్సన్ అనే ముగ్గురు కలిసి ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా హోమియోపతి వైద్య కళాశాలను నెలకొల్పినారు. తరువాత బోధనాక్రమంపై అధ్యాపకులలో భేదాలు పొడసూపి, హెరింగ్ 1867లో హానిమన్ పేర వేరొక కళాశాల స్థాపించినాడు. 1869లో రెండూ కలిసి హానిమన్ వైద్య కళాశాల అయినది. నాలుగు వాక్యాలలో చెప్పిన ఈ కలహసంధులు తీర్మాన పుస్తకాలలో ఎన్ని పుటలు నిండినవో ఊహించుకోవచ్చును.

ఈ కాగితాలను కాపాడినవారిలో ముందుగా తలచుకోవలసినవాడు థామస్ లిండ్స్లీ బ్రాడ్‌ఫర్డ్. అతడు ఆ కళాశాల గ్రంథాలయపాలకుడు. వైద్యుడైయుండి కూడ మందుల కీర్తికంటె కాగితాల సేవను మిన్నగా ఎంచినవాడు. అమెరికాలో వెలువడిన హోమియోపతి గ్రంథాల పట్టికను 1892లోను, హానిమన్ జీవితాన్ని 1895లోను, కళాశాల చరిత్రను 1898లోను వెలువరించినాడు. వీటన్నిటికంటె విలువైనది మరొకటి. పత్రికలలో వచ్చిన మరణవార్తలు, జీవితవిశేషాలు కత్తిరించి, అంటించి, హోమియోపతి వైద్యుల చరిత్రలను 35 సంపుటాలుగా కూర్చినాడు. పల్లెలలో వైద్యం చేసి, పేరు లేకుండా పోవలసిన వారెందరో ఆ జిగురు గిన్నె పుణ్యమా అని నిలిచినారు. పరిశోధకుడు గ్రంథం రాసి కీర్తి పొందుతాడు. ఆ గ్రంథానికి ముడిసరుకు సమకూర్చినవాడు వెనుకవరుసలో ఉండిపోతాడు.

పేరు మిగిలినది, పాఠం మారినది

1900 ప్రాంతంలో అమెరికాలో 22 హోమియోపతి కళాశాలలు ఉండేవి. 1910లో అబ్రహాం ఫ్లెక్స్నర్ అనే విద్యావేత్త ఆ దేశపు, కెనడా దేశపు వైద్య కళాశాలలన్నిటిని తనిఖీ చేసి ఒక నివేదిక ప్రకటించినాడు. ప్రయోగశాలలు లేని, ఆసుపత్రి బోధన లేని కళాశాలలను నిష్కర్షగా విమర్శించినాడు. ఆ దెబ్బకు అనేక కళాశాలలు, వాటిలో హోమియోపతివి హెచ్చుగా, మూతపడినవి. 1923 నాటికి మిగిలినవి రెండే. హానిమన్ కళాశాల బ్రతికినది. కాని బ్రతుకుటకై మారినది. రసాయనశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, శస్త్రచికిత్స పెరుగుతూ వచ్చినవి. హోమియోపతి తగ్గుతూ తగ్గుతూ ఐచ్ఛిక విషయమై, 20వ శతాబ్ది నడిమి కాలానికి ఆ పాఠమే నిలిచిపోయినది. 1941 వరకు స్త్రీలకు ప్రవేశం లేని ఆ కళాశాలే తుదకు 1990లలో పూర్వపు మహిళా వైద్య కళాశాలతో కలిసిపోయినది. ఆ సంయుక్త సంస్థను నడిపిన సంఘం 1998లో దివాలా తీసినది. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం నిర్వహణ వహించి 2002లో దానిని తనలో కలుపుకున్నది. హానిమన్ పేరు గల ఆసుపత్రి 2019లో మూతపడినది.

సంస్థ చేతులు మారినప్పుడు ముందుగా చెత్తబుట్ట పాలయ్యేవి పాత కాగితాలే. ఇన్ని చేతులు మారినా ఈ కాగితాలు మిగులుట సామాన్యం కాదు. ఒక కళాశాల తన మూలసిద్ధాంతాన్ని విడిచిపెట్టినది. కాని దానిని నమ్మిన దినాల సాక్ష్యాన్ని విడిచిపెట్టలేదు. నిన్నటి నమ్మకం నేడు సిగ్గుగా తోచినంతమాత్రాన దాని ఆనవాళ్ళను చెరిపివేయరాదన్నది ఇక్కడి మొదటి పాఠం.

ఆ సిద్ధాంతం అమెరికాలో సన్నగిల్లిన కాలంలోనే మన దేశంలో వేళ్ళు పాదుకొన్నది. హెరింగు కథను తలపించే కథ మనకూ ఉన్నది. కలకత్తా విశ్వవిద్యాలయంలో 1863లో ఎం.డి. పట్టా పొందిన మహేంద్రలాల్ సర్కార్ మొదట హోమియోపతికి బద్ధవిరోధి. ఒక హోమియోపతి గ్రంథాన్ని విమర్శింపబూని, పరిశీలించి, 1867లో నిండుసభలో తన మనస్సు మారినదని ప్రకటించినాడు. తోటి వైద్యులు వెలివేసినారు. 1878లో అతనిని విశ్వవిద్యాలయపు వైద్యవిభాగంలో సభ్యునిగా చేర్చగా, అతనితో కూర్చొనుటకు తక్కినవారు అంగీకరించలేదు. విచిత్రమేమనగా, శాస్త్రవిరోధి అని నిందపడిన ఈయనే 1876లో భారతీయ శాస్త్రాభివృద్ధి సంఘాన్ని స్థాపించినాడు. ఆ సంఘపు ప్రయోగశాలలోనే 1928లో చంద్రశేఖర వెంకట రామన్ తన సుప్రసిద్ధ పరిశోధన చేసినాడు. మనుష్యుని ఒక్క నమ్మకంతో తూచరాదనుటకు ఇంతకంటె నిదర్శనం వలదు. తెలుగునాట గుడివాడ, రాజమహేంద్రవరం, హైదరాబాదులలో హోమియో కళాశాలలున్నవి. సరోజినీ నాయుడుగారి కుమారుడు, పార్లమెంటు సభ్యుడుగా కూడ పని చేసిన డాక్టర్ జయసూర్యగారి పేరు హైదరాబాదు కళాశాల పేరులో చేరి ఉన్నది. ఈ కళాశాలల పాత రిజిస్టరులు కూడ రేపటి చరిత్రకారునికి ఆధారాలే.

ఇద్దరు స్త్రీలు

ఇక ఫిలడెల్ఫియా భాండారంలో మనస్సును పట్టి నిలుపు రెండు జీవితాలను గురించి చెప్పి ముగించెదను.

మొదటిది మన దేశపు ఆడపడుచుది. మహారాష్ట్ర దేశంలో 1865లో జన్మించిన ఆనందీబాయి జోషీకి బాల్యంలోనే వివాహమైనది. పద్నాలుగేండ్ల వయస్సులో కన్న శిశువు పదిదినాలకే మరణించినాడు. వైద్యసహాయం లేక కలిగిన ఆ గర్భశోకం ఆమెను వైద్యవిద్యకు పురికొల్పినది. 1883లో సముద్రం దాటి అమెరికా చేరి, ఆ జూన్‌లోనే మహిళా వైద్య కళాశాలకు ప్రవేశం కోరుతూ జాబు రాసినది. ఆ జాబు నేటికీ ఈ భాండారంలో ఉన్నది. తనకు నియమానుసారమైన యోగ్యతలన్నీ లేకపోవచ్చునని ఆమె దాచలేదు. పురుషవైద్యుని చేతికి నాడి ఇచ్చుట కంటె మరణమే మేలని తలచే తన దేశపు స్త్రీలకు సాయపడవలెనన్న సంకల్పమే తన యోగ్యత అని ఆమె నివేదన. ఆమె 1886 మార్చిలో పట్టా పొందినది. 1885లో తీసిన ఒక ఛాయాచిత్రంలో చీర కట్టిన ఆనందీబాయి, జపాను దుస్తులలో కెయ్ ఒకామి, సిరియా దుస్తులలో సబత్ ఇస్లాంబూలీ కలిసి కనిపిస్తారు. స్వదేశం చేరిన ఆనందీబాయి 1887 ఫిబ్రవరిలో, ఇరువదిరెండేండ్లు నిండకుండానే, క్షయవ్యాధితో పుణెలో అస్తమించినది. ఆమె వైద్యం చేయలేకపోయినది. కాని ఆమె కోరిక ఆమె చేతివ్రాతతోనే మనకు మిగిలినది.

రెండవది హారియట్ కోల్ అనే నల్లజాతి స్త్రీది. 1888లో హానిమన్ కళాశాల శరీరశాస్త్ర ఆచార్యుడు రూఫస్ వీవర్ ఒక మృతదేహం నుండి మెదడు, వెన్నుపాములకు సంబంధించిన నరాలను వేరుచేసి, నెలల తరబడి శ్రమించి, ఒక పలకపై అమర్చినాడు. 1893లో చికాగో మహాప్రదర్శనంలో దానికి బహుమానం లభించినది. ఆ దేహం కళాశాలలో ఊడ్చి తుడిచే పనిమనిషి హారియట్‌దనీ, వీవర్ పాఠాలు వింటూ పని చేసిన ఆమె శాస్త్రానికై తన దేహాన్ని తానే మనసారా ఇచ్చినదనీ కథ ప్రచారంలోకి వచ్చినది. వినుటకు ఎంత ఇంపైన కథ! దధీచి తన వెన్నెముక ఇచ్చినట్లు, శిబి తన మాంసం కోసి ఇచ్చినట్లు, ఈమె తన నరాలను ఇచ్చినదన్నమాట.

ఇటీవలి సంవత్సరాలలో ఈ భాండారంలోని పరిశోధకులు ఆ కథకు ఆధారం వెదకినారు. హారియట్ కోల్ అనే స్త్రీ 1888లో మరణించినట్లు నగరపు మరణాల నమోదులో ఉన్నది. ఆమె సమ్మతించినదని తెలిపే పత్రం మాత్రం ఎక్కడా లభించలేదు. ఆ కాలపు సంగతులు కొంచెం చూడండి. 1882లో ఫిలడెల్ఫియాలోనే నల్లజాతివారి శ్మశానం నుండి శవాలను దొంగిలించి శరీరశాస్త్ర బోధనకు అమ్మిన వ్యవహారం బయటపడి గగ్గోలు పుట్టినది. 1883లో పెన్సిల్వేనియా చేసిన చట్టం ప్రకారం, అడుగువారు లేని బీదల మృతదేహాలు వైద్య కళాశాలలకు చేరేవి. అట్టి రోజులలో ఒక బీద నల్లజాతి స్త్రీ దేహం బల్లపైకి వచ్చుటకు ఆమె అనుమతి అవసరం లేదు.

మరొక్క సంగతి గమనింపదగినది. ఈ వీవరే అంతకు పూర్వం గెట్టిస్‌బర్గ్ యుద్ధభూమిలో పూడ్చబడిన దక్షిణ రాష్ట్రాల సైనికుల అవశేషాలను, 3,000కు పైగా, వెలికి తీయించి, దొరికినంతవరకు పేరు పేరునా పట్టిక రాసి వారివారి రాష్ట్రాలకు పంపినవాడు. పట్టికలు రాయుటలో అతడు అంత శ్రద్ధాళువు. అట్టివాని చేతిమీదుగానే నడిచిన ఈ వ్యవహారంలో హారియట్ మాటగా మనకు ఒక్క పంక్తి లేదు.

ఇద్దరూ ఒకే నగరంలో, ఇంచుమించు ఒకే కాలంలో మసలినవారు. ఇద్దరినీ క్షయవ్యాధే పొట్టన పెట్టుకున్నది. ఒకరి సంకల్పం కాగితంపై ఉన్నది గనుక నూటనలువది ఏండ్ల తరువాత కూడ మనం ఆమె మాటనే వినగలుగుచున్నాము. రెండవవారి మాట లేదు గనుక ఇతరులు ఆమె నోట తమకు అనుకూలమైన మాట పెట్టగలిగినారు. త్యాగం చేయని వారిని త్యాగమూర్తులుగా కీర్తించుట కూడ ఒక విధమైన అపహరణమే. ఈ అపహరణాన్ని బయటపెట్టినదీ పత్రభాండారమే. కాగితం ఉన్నచోట అది పలుకుతుంది. లేనిచోట, లేదని నిజాయితీగా చెప్పుట కూడ భాండారం చేయవలసిన పనే.

ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు ఒక్క మాట. మీ పాఠశాలలోని పాత బీరువాను ఒకసారి తెరచి చూడండి. ప్రవేశపు రిజిస్టరులో తండ్రి వృత్తి గడి ఉంటుంది, చదువు మానిన తేదీ గడి ఉంటుంది, మానుటకు కారణం గడి ఉంటుంది. ఏ ఏట ఆడపిల్లల పేర్లు మొదటిసారి కనిపించినవో, ఏ కరువు ఏట ఎందరు బడి మానినారో, ఏ వాడ పిల్లలు ఎన్నడూ చేరలేదో ఆ గడులు చెప్తవి. వార్షికోత్సవ సంచిక చెప్పదు. చెదలు వాటిని చదువకముందే మీరు చదవండి. తుడిచి, వరుసపెట్టి, పట్టిక రాసి ఉంచండి. అందులో మన ఊరికి కీర్తి తెచ్చేవి ఉంటవి, తలవంపులు తెచ్చేవీ ఉంటవి. రెండింటినీ ఒకే శ్రద్ధతో కాపాడవలె.